గోడకి తిరిగిన కుర్చీ

నాకు భయం కడుపులో మొదలవుతుంది. అక్కడి నుంచి మోకాళ్ళలోకి దిగి, చివరికి నాలుక మీదకెక్కి కూర్చుంటుంది. ఆ ఆదివారం చర్చి నుంచి నరసరావుపేట బజారులో సుబ్బరామయ్య గారి బట్టల కొట్టుకి వచ్చేసరికే మోకాళ్ళు వణుకుతున్నాయి.

కొట్టు మేడ మీద ఆయన నాటక సమాజం ఉంది. ఈ సీజన్ పరిషత్తు పోటీలకి వేషాల ఎంపిక ఆ రోజే. పోయిన ఏడాది వినుకొండలో నాకో వేషం ఇచ్చారు. "నువ్వు వస్తావని తెలిసుంటే..." అన్నాను. అంతే. మిగతా మాట రాలేదు. నిమిషం సేపు నోరు తెరుచుకుని నిలబడితే తెర దించేశారు. అప్పటి నుంచి సమాజంలో తెర లాగే పని నాది. టీ కొట్టు దగ్గర ఎవడు కనపడ్డా "ఏరా విజయ్, నువ్వొస్తావని తెలిసుంటే?" అని ఒకటే నవ్వు.

"ఒరేయ్, నీకిదే ఆఖరు ఛాన్సు" అన్నారు సుబ్బరామయ్య గారు పొద్దున ఫోన్‌లో. "ఈసారి ఆగావంటే మళ్ళీ నిన్ను స్టేజీ ఎక్కనియ్యను."

ఇరుకు మెట్ల మధ్యలో నిలబడి, కళ్ళు మూసుకుని డైలాగులు నెమరేసుకుంటున్నాను. "వెళ్ళిపో! మళ్ళీ నా గుమ్మం తొక్కకు!"

"మీ గుమ్మమా ఇది?"

కళ్ళు తెరిచాను. రెండు మెట్ల కింద ఒకమ్మాయి. తడిసిన గొడుగు, భుజాన హ్యాండ్‌బ్యాగ్, కళ్ళలో నిప్పులు.

"అయ్యో, మిమ్మల్ని కాదండీ..."

"మరెవర్ని? ఇక్కడ నేను తప్ప ఇంకెవరున్నారు? రొంపిచెర్ల నుంచి వానలో పడి వస్తే పొమ్మంటారేంది!"

"డైలాగండీ! ప్రాక్టీసు!"

ఆమె నా మొహంలోకి పరీక్షగా చూసింది. కోపం ఠక్కున ఆగిపోయింది. "మీరు... పోయినేడు వినుకొండలో..."

అయిపోయింది. రొంపిచెర్ల దాకా పాకిందన్నమాట నా పరువు. గొడుగు నీళ్ళు నా చెప్పుల మీద కారుతున్నా కదలకుండా నిలబడ్డాను. ఆమె నన్ను దాటుకుని పైకి వెళ్ళిపోయింది.

మా సమాజంలో ఒక పద్ధతి ఉంది. ఎంపిక రోజున సుబ్బరామయ్య గారు కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంటారు. వెనక బెంచీ వాడికి మొహం కనపడదు, గొంతే వినపడుద్ది అంటారు. ఇద్దరిద్దరుగా పిలుస్తారు. పక్క నుంచి మాట అందించేవాళ్ళు ఉండరు. ఎవరి నోరు ఆగితే వాళ్ళకి ఆ ఏడాదికి వేషం లేదు.

"రొంపిచెర్ల టీచరమ్మ ప్రేమలత, విజయ్ కుమార్."

ఈమెతోనా?

సీను మొదలైంది. నాలుగు మాటలు బాగానే పలికాను. ఐదో మాట దగ్గర ఆమె నా కళ్ళలోకి సూటిగా చూసింది. వీడు ఇప్పుడు ఆగుతాడు అనుకుంటోంది కాబోలు, అనుకున్నాను. అనుకున్నానో లేదో, నాలుక రాయైపోయింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. దేవా, దేవా, ఒక్క మాట. రాలేదు.

"ఎవరాగింది?" గోడవైపు నుంచే అడిగారు సుబ్బరామయ్య గారు.

"నేనేనండీ" అంది ప్రేమలత. "నా డైలాగ్ మర్చిపోయాను."

నేను బిత్తరపోయాను. ఆయనకి మా మొహాలు కనపడవు మరి.

"అట్నా. అయితే నువ్వు వెళ్ళొచ్చమ్మా. విజయ్, నువ్వుండు."

ఆమె హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుంది. స్కూల్లో పిల్లలకి పాఠం చెప్పి చెప్పి అరిగిన గొంతుతో, వారమంతా ఈ సీను నేర్చుకుని ఉంటుంది. నేను నోరు మూసుకుంటే వేషం నాది. తెరిస్తే ఇక జీవితాంతం తెర తాడే.

"మాస్టారూ!" నా గొంతు గది మొత్తం మోగింది. "ఆమె కాదు. ఆగింది నేను. ఆమె అబద్ధం చెప్తోంది."

"మీకేం పట్టిందీ?" అంది ప్రేమలత పళ్ళ బిగువున.

సుబ్బరామయ్య గారు కదల్లేదు. "ఒరేయ్, ఈ నాటిక రాసింది నేను. ఆగిన చోట ఎవరి మాటో నాకు తెల్వదంట్రా? నిజం నీ నోటితో వస్తదో రాదో చూద్దామని ఊరుకున్నా."

"మరి రూలు..."

"రూలు ఆగిపోయినోడికి. నువ్వు ఆగి, మళ్ళీ పలికావు. పోయినేడు నీ చాత కానిది అదేగా." ఆయన లేచి, కుర్చీ మా వైపు తిప్పుకుని కూర్చున్నారు. "మొదట్నించీ కానియ్యండి. అమ్మాయీ, ఈసారి వాడి పాపాలు నువ్వు మొయ్యబాకు."

భయం పోయిందంటే అబద్ధం. సీనులో చెయ్యి పట్టుకునే చోట తెలిసింది, ఆమె చెయ్యి నా చెయ్యికన్నా చల్లగా ఉంది. ఆ చెయ్యి వదలకుండా చివరిదాకా చెప్పాను.

వేషాలు ఇద్దరికీ వచ్చాయి.

వాన సన్నగా పడుతూనే ఉంది. రొంపిచెర్ల ఆటో నిండేదాకా గొడుగు కింద నిలబడ్డాం. గొడుగు ఒకరికే సరిపోయేది కావటంతో నా ఎడమ భుజం తడుస్తోంది. తడవనీ.

"ఎందుకు చేశారట్లా?" అడిగాను.

"వినుకొండలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలా. ఇంటికెళ్ళి ఏడ్చాను, ఎందుకో తెల్వదు." ఆమె ఆటో వైపు చూస్తూ చెప్పింది. "ఆ మిగతా డైలాగ్ ఏందో వినాలని ఏడాదిగా చూస్తన్నా. ఇయ్యాల మిమ్మల్ని పంపించేస్తే ఇంక వినేదెప్పుడు?"

ఏడాది పాటు ఊరంతా నన్ను ఏడిపించిన మాట అది. ఈమె మాత్రం దాని చివర కోసం కాచుకుని ఉంది. నా కడుపులో భయం మళ్ళీ మొదలైంది. మోకాళ్ళలోకి దిగింది. నాలుక దాకా వచ్చింది. ఈసారి దాన్ని అక్కడ కూర్చోనివ్వలేదు.

"నువ్వు వస్తావని తెలిసుంటే... ఇంత భయపడేవాణ్ణి కాదు."

ఆమె తల తిప్పి చూసింది. "నాటికలో ఉంది ఇదేనా?"

"అందులో ఏదో ఉండేది. గుర్తులేదు. ఇది నాది."

ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. ప్రేమలత గొడుగు నా చేతిలో పెట్టి ఎక్కి కూర్చుంది.

"వచ్చే ఆదివారం తీసుకురా" అంది. "మర్చిపోబాకు."