క్షిపణి కథలో రెండో సగం

ఆ ఆదివారం దేవకుమార్ నోరు జారాడు.

1987 వేసవి. అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగు ఆరాధన ముగిసి, చర్చి హాల్లో భోజనాలు జరుగుతున్నాయి. పర్షియన్ గల్ఫ్‌లో ఓడల మీద దాడుల వార్తలు రోజూ టీవీలో వస్తున్న రోజులు. రాడార్ మీద ఎమ్మెస్ చేసి కార్ల కంపెనీలో పనిచేస్తున్న దేవకుమార్‌ని ఎవరో ఓడల్ని కొట్టే మిస్సైళ్ళ గురించి అడిగారు. అంతే, ప్లేటు పక్కన పెట్టి అందుకున్నాడు.

"సూపర్‌సోనిక్ అంటే సౌండ్‌ని మించిన స్పీడండీ! ఓడ ఎటుందో ముందే చెప్పి వదులుతారు. చాలా దూరం ఆ లెక్క మీదే వెళ్తుంది. దగ్గరికొచ్చాక సొంత రాడార్ ఆన్ చేసి వెతుక్కుంటుంది. ఓడ దొరికిందా, ఇక వదలదు. నీళ్ళని రాసుకుంటూ వస్తే ఓడలో వాళ్ళకి ఒక్క నిమిషం కూడా టైముండదు!"

పెరుగన్నం వడ్డిస్తున్న అమ్మాయి చేయి ఆగిపోయింది.

"మా తమ్ముడు నేవీలో ఉన్నాడు. వాడి ఓడ ఇప్పుడు గల్ఫ్‌లోనే ఉంది," అంది నవోమి. "అదిగో, అక్కడ కూర్చున్నది మా అమ్మ. మీరు చెప్పిందంతా విన్నది."

విమలకుమారి ముద్ద నోట్లో పెట్టుకోకుండా ప్లేటు వైపే చూస్తోంది. దేవకుమార్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు.

వారమంతా ఆ ముఖమే గుర్తొచ్చింది. శనివారం పొద్దున్నే వానలో తడుస్తూ వెళ్ళి వాళ్ళింటి బెల్ కొట్టాడు.

నవోమి తలుపు సగమే తీసింది. "ఇంకో మిస్సైల్ తెచ్చారా?"

"సారీ అండీ. ఆ రోజు సగమే చెప్పాను. మిగతా సగం ఆంటీకి చెప్పి వెళ్ళిపోతాను."

విమలకుమారి అతనికి తువ్వాలు ఇచ్చి కూర్చోబెట్టింది.

"దానికీ ఇబ్బందులున్నాయి ఆంటీ. పైన ఎగిరితే దూరం నుంచే ఓడ రాడార్‌కి దొరికిపోతుంది. కిందే ఎగిరితే ఫ్యూయల్ త్వరగా అయిపోతుంది, ఎక్కువ దూరం రాలేదు. పైగా ఓడవాళ్ళు సన్నటి రేకు ముక్కల్ని గాల్లోకి చిమ్ముతారు. ఆ మబ్బునే ఓడ అనుకుని అటు పోవచ్చు."

"అయితే మావాడికి ఏమీ కాదు కదా బాబూ?"

దేవకుమార్ తల దించుకున్నాడు. "ఆ మాట ఇవ్వలేను ఆంటీ. కానీ వాళ్ళు చేతులు కట్టుకుని మాత్రం కూర్చోరు."

విమలకుమారి కళ్ళు తుడుచుకుంది. "అందరూ ఏం కాదులే అంటారు. ఒక్కరూ నాకు అర్థమయ్యేలా చెప్పలేదు. వచ్చే శనివారం కూడా రా, భోంచేద్దువుగాని."

నవోమి అతన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

అలా శనివారాలు గడిచాయి. పేపర్లో గల్ఫ్ వార్త వస్తే విమలకుమారి అతని చేతే చదివించుకునేది. నవోమి వాదించేది, ఎగతాళి చేసేది, అడక్కుండానే అతని ప్లేట్లో ఇంకో గరిటె కూర వేసేది.

డిసెంబరులో తమ్ముడు ఆశీర్వాదం సెలవు మీద వస్తున్నానని ఫోన్ చేశాడు. ముగ్గురూ డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళారు. మంచు వల్ల ఫ్లైట్ లేటు. విమలకుమారి గేటు దగ్గర కూర్చుని ప్రార్థన చేసుకుంటోంది.

"మీరు అబద్ధం చెప్పరు కదా," నవోమి మెల్లగా అడిగింది. "ఇన్ని శనివారాలు అమ్మ కోసమే వచ్చారా?"

దేవకుమార్ చెవులు ఎర్రబడ్డాయి. "మొదటి శనివారం ఆంటీ కోసమే."

"తర్వాత?"

"మీ కోసం."

"ఇంత స్లోనా! నేను సెప్టెంబర్ నుంచి వెయిట్ చేస్తున్నాను," అంది నవోమి, నవ్వు ఆపుకోలేక.

గేటు తెరుచుకుంది. యూనిఫాంలో ఉన్న పొడుగాటి కుర్రాడు పరుగున వచ్చి తల్లిని కావలించుకున్నాడు. ఆమె తనివితీరా వాడి ముఖం నిమిరింది. తర్వాత వెనక్కి తిరిగి, దూరంగా నిలబడ్డ దేవకుమార్ చేయి పట్టుకుని దగ్గరికి లాగింది.

"ఆశీ, ఇదిగో, మీ బావ."

"అమ్మా!" అని కేకవేసింది నవోమి.

దేవకుమార్ మాత్రం బావమరిది భుజాన ఉన్న సంచి అందుకున్నాడు.