ఇరవై ఒకటో మంచం నుంచి

"సిస్టర్, ఈ జ్వరాల షీటు మీరు ఊహించి రాసేశారు కదండీ."

నర్సు నాగరత్నంతో నేను మాట్లాడిన మొదటి మాట అది. ఇంతకంటే మంచి మాట దొరకలేదు నాకు.

అది 1971 శ్రావణ మాసం. అంగలకుదురులో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, లెక్కలతో డిగ్రీ చేసి, నేను చేరిన ఉద్యోగం విచిత్రమైనది. వార్డులో ఎంతమంది నర్సులుంటే రోగికి ఎంత సేవ అందుతుందో తేల్చే సర్వే అది. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఒక్కో ఆసుపత్రి ఎంచారు. మెడలో స్టాప్ వాచీ వేసుకుని నర్సు వెనకాలే తిరుగుతూ, ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలి. పెళ్ళికాని అమ్మాయి వెనకాల తిరిగితే ఒళ్ళు హూనం చేసే రోజుల్లో నాకు దానికే జీతమిచ్చారు.

రేపల్లె అవతల దాతలు కట్టించిన చిన్న ఆసుపత్రి అది. ఆడవాళ్ళ వార్డులో నలభై మంచాలు, ఇద్దరు నర్సులు ఉండాలి. ఒక ఉద్యోగం రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. ఒక్కరితోనే పని బాగా సాగుతోందని నా రిపోర్టులో తేలితే, ఆ ఖాళీని పూర్తిగా ఎత్తేస్తామని ఆసుపత్రి కమిటీ వాళ్ళు ముందే చెప్పారు.

"ఊహించి రాశానా?" నాగరత్నం చూసిన చూపుకి నా వాచీ ఆగిపోవాల్సింది.

"థర్మామీటరు నాలుక కింద మూడు నిమిషాలుంచాలి. నలభై మందికి రెండు గంటలు. మీరు గంటలో ముగించారు. లెక్క కుదరడం లేదండి."

"థర్మామీటరు ఇదిగోండి. మీరే కుదుర్చుకోండి."

ఆమె ఆరో మంచం దగ్గర కట్టు మార్చడానికి వెళ్ళిపోయింది. నేను పంతం కొద్దీ ఇరవై ఒకటో మంచం నుంచి మొదలుపెట్టాను. షీటులో తొంభైతొమ్మిది పాయింటు రెండు. థర్మామీటరులోనూ అంతే. ఇరవై రెండు, ఇరవై మూడు, అన్నీ సరిపోతున్నాయి. షీటులో ముప్పై మూడో మంచం గడి మీద వేలు పెడితే అంకె చెదిరింది. సిరా ఇంకా ఆరలేదు.

నాగరత్నం అరగంటకు పైగా ఆరో మంచం దగ్గరే ఉంది.

ముప్పై మూడో మంచం మీదున్న పున్నమ్మది అడవులదీవి అనే పల్లె. కంటికి ఆపరేషనయి రెండు కళ్ళకీ మందంగా దూదికట్లు వేసి ఉన్నాయి.

"అవ్వా, నీ జ్వరం చూసి రాసిందెవరు?"

"పెద్ద సిస్టరమ్మ నాయనా. ఇద్దరున్నారుగా. ఈ అమ్మాయి చెయ్యి వెచ్చన. ఆవిడ చెయ్యి కుండలో నీళ్ళంత చల్లన. మాట్టాడదు. దుప్పటి సర్ది ఎల్లిపోద్ది."

"ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడేగా. నీ పక్కనుంచే ఎల్లింది."

వార్డు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాను. మిట్టమధ్యాహ్నపు వెలుగులో నాగరత్నం తప్ప తెల్లబట్టలో ఇంకెవరూ లేరు.

వరండాలోకి వచ్చి నిలబడ్డాను. వాన పట్టుకుంది. కాసేపటికి నాగరత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పున్నమ్మ మాటలు ఆమె చెవినా పడ్డట్టున్నాయి.

"ఆవిడ పేరు సామ్రాజ్యం అండి. అరవై తొమ్మిది తుపానుకి రోడ్లు మునిగి, రెండింటికి రావాల్సిన నర్సు రాలేదు. తర్వాతి మనిషి చార్జి తీసుకోందే వార్డు వదలకూడదని మాకు రూలు. ఆవిడ మూడు రోజులు వదల్లేదు. నాలుగో రోజు ఆ మూల కుర్చీలో కూర్చుని మరి లేవలేదు. ఆవిడ స్థానంలో ఇప్పటిదాకా ఎవర్నీ వెయ్యలేదు."

"మీకు భయం లేదా?"

"మొదట్లో జ్వరమొచ్చి పడుకున్నా. ఇప్పుడు ఆవిడంటే భయం కాదండి, జాలి. రెండేళ్ళుగా డ్యూటీ దిగలేదు. మీరు రాసే కాగితంతో ఆ ఖాళీ ఎత్తేస్తే ఆవిడకి ఇక ఎప్పటికీ దిగడం కుదరదు. అదీ నా భయం."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగ లెక్కలన్న నోటిని కొట్టుకోవాలనిపించింది నాకు. చేతిలో ఉన్న షీటు మళ్ళీ చూశాను. కింద ఒకటే సంతకం.

"నలభై మందికీ మీరే సంతకం పెట్టారేంటి?"

"జ్వరాలు చూడటం అవ్వగానే అన్నిటికీ కలిపి ఒకటే పెట్టేస్తాం. అన్నిచోట్లా అంతే."

"అందుకే ఒక్క మనిషే అంతా చేస్తోందని కాగితం చెబుతోంది. రేపట్నుంచి మీరు చేసిన వాటికే పెట్టండి."

"మిగతా ఇరవై ఖాళీగా ఉంటే పని ఎగ్గొట్టానని నన్ను తీసేస్తారు."

"వాటి పక్కన నేను పెడతాను. పని జరిగింది, నాగరత్నం చెయ్యలేదు, కళ్ళారా చూశాను అని."

"మీ సంతకానికి విలువుందా?"

"ఇంకా తెలీదండి."

ఆమె మొదటిసారి నవ్వింది. ఎన్ని సెకన్లు నవ్విందో చూడటం మర్చిపోయాను.

రెండు వారాలు అలాగే నడిచింది. "మీ ఫారంలో ఊరికే నిలబడి చూడటానికి గడి ఉందా?" అని ఆమె ఏడిపించేది. "అది నా సొంత ఖాతా అండి" అనేవాణ్ణి. ఒకరోజు జలుబుతో తుమ్ముతుంటే వెనక నుంచి చల్లని చెయ్యి నుదుటి మీద ఆనింది. నాగరత్నం నా ఎదురుగా నిలబడి ఉంది. ఆమె ముఖం పాలిపోవడం చూసి నేను వెనక్కి తిరగలేదు. ఆ క్షణంలో ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. భయమూ సంతోషమూ ఒకేసారి కలుగుతాయని నాకు అప్పుడే తెలిసింది.

తెనాలిలో మా సర్వే పెద్ద అనసూయ గారు ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. కాగితాలన్నీ చదివి కళ్ళజోడు తీశారు.

"ఈ ఖాళీ గళ్ళల్లో పని చేసిందెవరు?"

"చెబితే నన్ను పిచ్చాసుపత్రికి పంపుతారండి."

ఆవిడ కాగితాలు మళ్ళీ కట్ట కట్టారు. "చెప్పొద్దులే. అక్కడ ఇద్దరి పని ఉంది, జీతమిచ్చేది ఒక్కరికే. కమిటీకి అది చాలు."

సగం గళ్ళకి నాగరత్నం సంతకం లేదని కమిటీ వాళ్ళు ముందు ఆమెనే తీసేస్తామన్నారు. అనసూయ గారు స్వయంగా వెళ్ళి సాయంత్రం దాకా కుర్చీ కదలకుండా కూర్చుని, రెండో నర్సుని వేస్తూ ఆర్డరు రాయించుకునే లేచారు.

వారం తర్వాత కాకుమాను నుంచి శకుంతల అనే కొత్త నర్సు చేరింది. నా పనీ అయిపోయింది. నాలుగింటి బస్సుకి బాపట్ల వెళ్ళాలి. చెప్పాల్సింది చెప్పే ధైర్యం లేక, సంచి పట్టుకుని వార్డు గుమ్మంలో చడీచప్పుడు లేకుండా నిలబడ్డాను.

రెండయింది. నాగరత్నం శకుంతలని మూల కుర్చీ దగ్గరకు తీసుకెళ్ళింది.

"సిస్టర్, మీ బదులు మనిషొచ్చిందండి. ఇరవై ఒకటి నుంచి నలభై దాకా శకుంతల చూసుకుంటుంది. చార్జి తీసుకున్నాం. ఇక మీరు దిగొచ్చు."

ఇది ఇక్కడి పద్ధతేమో అనుకుని శకుంతల ఖాళీ కుర్చీకి నమస్కారం పెట్టింది. కుర్చీ కిర్రుమంది. గాలి లేదు. అయినా మంచం తర్వాత మంచం దుప్పటి అంచులు వరసగా కదిలాయి. ముప్పై మూడో మంచం దగ్గర ఆ కదలిక కాసేపు ఆగి, మళ్ళీ సాగింది. ఆఖరి మంచం దాటాక ఇక ఏదీ కదల్లేదు. నాగరత్నం పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"అమ్మాయీ," పిలిచింది పున్నమ్మ. రెండో కంటికీ ఆపరేషనయి ఆమె కట్లు ఇంకా విప్పలేదు. "పెద్ద సిస్టరమ్మ ఇయ్యాల మాట్టాడింది."

"ఏమందమ్మా?"

"గుమ్మంలో నల్లసంచి పట్టుకుని ఓ పిల్లోడు నిలబడ్డాడంట. బస్సెక్కనివ్వొద్దని నీకు చెప్పమంది. నీకు చెప్పాల్సిన మాట గొంతులోనే మింగుతున్నాడంట."

నాగరత్నం గిరుక్కున వెనక్కి తిరిగింది. నా సంచి నల్లదే. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరకు వచ్చింది.

"ఏంటండీ ఆ మాట?"

"మీరంటే నాకు ప్రాణమండి. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసింది.

"మా నాన్న చీరాలలో మగ్గం నేస్తాడు. రేపు వెళ్ళి ఆయన్ని అడగండి. ఇవాళ మాత్రం బస్సెక్కొద్దు. పెద్దావిడ చెప్పింది కదా."