గుడారం ముందు రెండు జతలు

జర్మనీ, ఎష్‌బోర్న్. 2021 ఫిబ్రవరి. సోమవారం ఉదయం.

ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు జ్వరం చూసే గన్ ఎత్తాడు. శ్రీచరణ్ మాస్క్ సర్దుకుని నుదురు ముందుకు వంచాడు. కరోనా వచ్చాక ఎవరు గన్ చూపించినా తల వంచడం లోకానికి అలవాటైపోయింది మరి. చిన్న క్లిక్. నుదుటి మీద సూదిమొనంత రక్తం. లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి శ్రీచరణ్ నురగలు కక్కుతూ కూలిపోయాడు. గార్డు తాపీగా కారెక్కి వెళ్ళిపోయాడు.

శ్రీచరణ్ బ్లూ కార్డ్ వర్క్ వీసా మీద వచ్చిన ఐటీ కన్సల్టెంట్. అది పైకి. నిజానికి భారత గూఢచారి. అతని పార్ట్‌నర్ ఈశ్వర్‌కి ఏడవడానికి కూడా టైమ్ దొరకలేదు. చీఫ్ వెంకటరామారావు ఫోన్ అప్పటికే మోగుతోంది.

"శ్రీచరణ్‌ని చంపింది క్లౌస్ ముఠా. డాక్టర్ హైమావతిని ఎత్తుకుపోయింది కూడా వాళ్ళే. ఆమె కార్ల్స్‌రూహెలో వైరస్‌ల మీద రీసెర్చ్ చేస్తోంది."

"ఎక్కడుంచారు సర్?"

"నమీబియాలో. అడవి మధ్య టెంట్ల సఫారీ క్యాంప్. టూరిస్టులు లేరుగా, మొత్తం అద్దెకు తీసుకున్నారు. ఎల్లుండి మధ్యాహ్నం ప్లేన్ వస్తుంది. అది ఎక్కిందంటే ఆమె చేత వైరస్ ఆయుధం చేయిస్తారు."

"లోపల మనవాళ్ళు?"

"క్యాంప్ మేనేజర్ పూజిత. క్లౌస్ తన మనిషే అనుకుంటున్నాడు."

"తీసుకొస్తాను సర్."

"కుదరకపోతే," చీఫ్ గొంతు తగ్గింది, "ఆమె ప్రాణాలతో ఆ ప్లేన్ ఎక్కకూడదు. అర్థమైందా?"

అర్థమైంది.

నెగటివ్ రిపోర్ట్ లేనిదే కిడ్నాపర్లకైనా విమానం కదలని రోజులవి. టెస్టు కోసం ముఠా పిలిపించిన బ్రెజిల్ డాక్టర్ నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో ఓ హోటల్ బాత్రూంలో కట్టేసి ఉన్నాడు. అతని తెల్లకోటు, స్వాబ్ పెట్టె ఈశ్వర్ దగ్గరున్నాయి.

బుధవారం పొద్దెక్కేసరికి క్యాంప్‌లో ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎండిపోయిన వాగు ఒడ్డున ఆరు గుడారాలు, అన్నీ ఒకేలా. పూజిత మాస్క్ కిందకి లాగి ఎర్రటి పెదాలతో నవ్వింది. ఆ నవ్వుకి కాపలావాళ్ళు తుపాకులు కూడా మర్చిపోయి చూస్తున్నారు.

"ఒకటే రూల్, డాక్టర్. బూట్లు గుడారం బయట విడవకండి. హైనాలు ఎత్తుకుపోతాయి," అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పి, తెలుగులో గొణిగింది. "టెర్మిన్ దొరికిందా?"

"అక్టోబర్ దాకా లేదట."

జర్మన్ ఆఫీసుల్లో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడం గగనం; అదే వాళ్ళ కోడ్. కలిసింది. "నాలుగో గుడారమండీ," అంది.

నాలుగో గుడారం ముందు ఆడవాళ్ళ షూ ఒక జత పొందిగ్గా సర్ది ఉంది. ఈశ్వర్ దాని పక్కనే తన బూట్లు విప్పి లోపలికి వెళ్ళాడు. ఆలోచించి చేసిన పని కాదు. వాళ్ళమ్మ చిన్నప్పట్నుంచీ తిట్టి తిట్టి నేర్పిన పని.

లోపల హైమావతి చెయ్యి మంచానికి గొలుసుతో కట్టేసి ఉంది. ఆమె పక్కన క్లౌస్. చేతిలో పిస్టల్.

"బ్రెజిల్ డాక్టరా?" జర్మన్‌లో అన్నాడు. "ఎష్‌బోర్న్‌లో పదేళ్ళు మీ ఇండియన్లతో పనిచేశాను. గుడ్డ గుడారంలోకి కూడా బూట్లు విప్పి వచ్చేది మీరే. ఈమెకీ రోజూ చెప్పి చెప్పి విసుగొచ్చింది."

నా ఖర్మ అనుకుంటూనే ఈశ్వర్ పక్కనున్న స్టవ్ మీది కెటిల్ విసిరాడు. మరిగే నీళ్ళు క్లౌస్ మొహాన పడ్డాయి. అతను పేల్చిన గుండు కాన్వాస్ చీల్చుకుపోయింది. ఇద్దరూ కలబడి బయటపడ్డారు. క్లౌస్ అతని మీదెక్కి పీక నులిమాడు. కళ్ళు బైర్లు కమ్ముతుండగా ఈశ్వర్ చేతికి గుడారం మేకు తగిలింది. ఇసుకలోంచి పెరికి క్లౌస్ మెడలో దించాడు. మళ్ళీ దించాడు. రెండోది శ్రీచరణ్ కోసం.

క్లౌస్ జేబులో తాళంచెవి దొరికింది. అతని పిస్టల్ తీసుకుని లోపలికి పరిగెత్తి గొలుసు విప్పాడు. అంతలో గుమ్మంలో పూజిత, పిస్టల్‌తో.

"కదలకండి ఈశ్వర్ గారూ. నేను క్లౌస్‌కి పట్టిచ్చేలోపే మీ బూట్లు పట్టిచ్చేశాయి. శ్రీచరణ్ ఆచూకీ ఇచ్చింది కూడా నేనేనండీ. వాళ్ళు ఎక్కువిచ్చారు, ఏమనుకోవద్దు."

హైమావతి చేతిలో గొలుసు గిర్రున తిరిగి ఆ ఎర్రటి పెదాల మీద పడింది. పూజిత తూలింది. ఈశ్వర్ కాల్చాడు. పరిగెత్తుకొచ్చిన కాపలావాళ్ళిద్దర్నీ కాల్చాడు. పిస్టల్లో ఇక ఒక్క గుండే మిగిలింది.

జీపు ఎయిర్‌స్ట్రిప్ పక్కన ఉంది. ముళ్ళల్లో ఉత్తకాళ్ళతో పరిగెత్తాడు, హైమావతి చెయ్యి పట్టుకుని. సగం దారిలోనే ప్లేన్ కిందకి దిగడం మొదలుపెట్టింది. తెరిచిన తలుపులో మెషిన్ గన్లు కనిపిస్తున్నాయి. దాక్కోవడానికి చెట్టూ పుట్టా లేదు.

ఈశ్వర్ పిస్టల్ ఆమె వైపు తిప్పాడు. ఆమె చూసింది. పారిపోలేదు, ఏడవలేదు, కళ్ళు మాత్రం మూసుకుంది. అతను ట్రిగ్గర్ నొక్కలేకపోయాడు. ఛీ, ఇదీ ఒక ఉద్యోగమేనా అనిపించింది.

చక్రాలు నేలని తాకబోయే క్షణంలో అటు తిరిగి ముందు టైరుని కాల్చాడు. ప్లేన్ ముక్కు ఇసుకలో గుచ్చుకుని, పల్టీ కొట్టి, భగ్గుమంది. అందులోంచి ఎవరూ బయటికి రాలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ విమానంలో హైమావతి కిటికీ తెర దించి ఇటు తిరిగింది.

"మీ ఆఫీసోళ్ళు నన్ను తీసుకరమ్మనే చెప్పిన్రా?"

"అవునండీ."

"అంతేనా?"

"అంతే."

ఆమె అతని మొహంలోకి చూసింది. మాస్క్ ముక్కు దాకా ఉంది. కరోనా వల్ల ఈశ్వర్‌కి దక్కిన లాభం అదొక్కటే.