డెబ్బై రెండేళ్ళ విలిసోని

"పదిహేడు," అన్నాడు విలిసోని, కుర్చీ వెనక్కి జరుపుతూ. "పది నిమిషాల్లో మీరడిగిన ప్రశ్నలు పదిహేడు. నిజంగా పదిహేనేళ్ళ కుర్రాడైతే మూడో ప్రశ్నకే లేచిపోయేవాడు."

క్లాసంతా నవ్వింది. సెరెయిమాకి చెవులు వేడెక్కాయి.

రాజధాని సువాలో కౌన్సెలర్ల ట్రైనింగ్ మొదలై అది రెండో రోజు. టీనేజి పిల్లలతో, వయసు మళ్ళినవాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్పే కోర్సు. ఒకరు కౌన్సెలర్, ఒకరు కష్టంలో ఉన్నవాళ్ళు. అలా నటిస్తూ నేర్చుకోవాలి. విలిసోని బడి మానేసిన కుర్రాడిగా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఆరేళ్ళు రేడియోలో మాట్లాడి వచ్చిన సెరెయిమాకేమో అరనిమిషం ఎవరూ మాట్లాడకపోతే ఒంటిమీద చీమలు పాకినట్టుంటుంది.

"మీరు ఒక్కమాటైనా చెప్తే కదా నేను ఆపేది?"

"చెప్దామనే అనుకున్నా. సందు దొరకలేదు."

ట్రైనర్ మకెరెటా మేడమ్ కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ చూసింది. "కోర్సు అయ్యేదాకా మీరిద్దరూ ఒక జట్టు."

ఆ రాత్రి సెరెయిమా అతన్ని మనసులో పదిహేడు రకాలుగా తిట్టుకుంది.

మూడోవారం వృద్ధాశ్రమంలో ప్రాక్టీసు. విలిసోనికి ఎపెలి అనే పెద్దాయన్ని అప్పగించారు. గంట తర్వాత పెద్దాయనే బయటికొచ్చి మేడమ్‌ని పిలిచాడు.

"అమ్మా, ఈ అబ్బాయికి ఏం కష్టమొచ్చింది? ఇందాకట్నుంచీ నోరు విప్పడు. నాకు తోచినట్టు నేనే ఓదార్చాను."

బస్‌స్టాప్‌కి వచ్చేదాకా సెరెయిమా నవ్వుతూనే ఉంది. వాన దంచుతోంది. విలిసోని భుజం ఒకటి పూర్తిగా తడిసిపోయింది. లోపలికి జరిగితే ఆమె తడుస్తుందని అతను కదల్లేదు. అది ఆమె చూసింది. నవ్వు దానంతటదే ఆగింది.

"పెద్దవాళ్ళ దగ్గరికెళ్తే ముందు మన ఊరేదో, మన అమ్మ ఎవరో చెప్పాలి," అంది. "ఎవరి మనవడో తెలియనివాడికి మనసులో మాట ఎవరు చెప్తారు?"

"నాకు నేర్పుతారా?"

"నేర్పుతా. మీరు నాకు నోరు మూసుకోవడం నేర్పండి."

అప్పట్నుంచి రోజూ సాయంత్రం సముద్రపొడ్డు గోడమీద కూర్చుని వేయించిన బఠాణీలు తింటూ ఒకరికొకరు పాఠాలు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ తెలీదు.

ఆరోవారం మొదట్లో అతను ఒక కాగితం చూపించాడు. "అవతలి దీవిలో, లంబాసాలో ఉద్యోగం. హైస్కూలు పిల్లలతో. వచ్చే మంగళవారం పడవ."

"మంచిది," అంది సెరెయిమా.

ఆ ఒక్కమాట అనేసి నాలుగు రోజులు ఒకచోట నిలవలేకపోయింది. ఫోన్‌లో మెసేజీ రాస్తుంది, చెరిపేస్తుంది. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతుంది.

"ఏంటే, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" అంది బూబూ. అమ్మమ్మని ఆమె అలాగే పిలుస్తుంది.

"పరీక్ష ఉంది బూబూ."

"పరీక్షకి కళ్ళెందుకు తుడుచుకుంటావ్?"

శుక్రవారం ఆఖరి పరీక్ష. సెరెయిమా కౌన్సెలర్. విలిసోని తీసిన చీటీలో 'ఒంటరి వృద్ధుడు, డెబ్బై రెండేళ్ళు, షుగర్ జబ్బు, మోకాళ్ళ నొప్పులు' అని ఉంది. మేడమ్ పెన్ను తీసింది.

సెరెయిమా తన ఊరు, అమ్మ పేరు చెప్పి, ఇక నోరు మూసుకుంది. గోళ్ళు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి.

చాలాసేపటికి, ముసలాయనగా నటిస్తున్న విలిసోని మొదలుపెట్టాడు. "కుర్రతనంలో ఉద్యోగమని లంబాసా వెళ్ళానమ్మా. సువాలో ఒకమ్మాయి ఉండేది. తెగ మాట్లాడేది. ఆ పిల్ల ఉన్న గదిలోంచి లేచి రావాలంటే కాళ్ళు వచ్చేవి కావు. వెళ్ళేముందు ఆ మాట చెప్పలేదు. ఆమె 'మంచిది' అంది, నేను పడవెక్కేశాను. ఇప్పటికీ చెప్పలేదు."

మేడమ్ పెన్ను ఆగింది.

'అప్పుడేం చెప్పాలనుకున్నారు?' అని అడగొచ్చు. అడిగితే పరీక్ష పాస్. సర్టిఫికెట్ చేతిలో ఉన్నట్టే. సెరెయిమా లేచి నిలబడింది.

"మేడమ్, నేను ఈ సెషన్ ఆపేస్తున్నాను. ఈయన కథలో నేనున్నాను. ఈయనకి నేను కౌన్సెలర్‌గా పనికిరాను."

మేడమ్ ఏదో రాసుకుంది. "ఆపాల్సిన చోటే ఆపావు. చాలామందికి అది తెలీదు. కానీ పరీక్షకి సోమవారం మళ్ళీ కూర్చోవాలి, ఇంకొకరితో." తర్వాత విలిసోని వైపు తిరిగింది. "నీ చీటీలో షుగర్ జబ్బు, మోకాళ్ళ నొప్పులే ఉన్నాయి బాబూ. అమ్మాయి లేదు."

బయట మెట్లమీద సెరెయిమా అతన్ని నిలదీసింది. "నా సర్టిఫికెట్‌తోనా నీ ఆటలు?"

"తప్పే. ముసలాడి నోటితో అయితే ధైర్యం వచ్చింది."

"ముసలాయన సంగతి నాకొద్దు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు చెప్పాలి."

అతను ఒక మెట్టు దిగి ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. "నువ్వంటే నాకు ఇష్టం సెరెయిమా. ఉద్యోగం వదులుకోలేను. నిన్నూ వదులుకోలేను. ఏం చేయాలో తెలీట్లేదు."

"నాకూ తెలీదు," అంది ఆమె. "కానీ నాకూ ఇష్టమే. నేనిక్కడ పెద్దవాళ్ళతో పని చేస్తాను, అది వదలను. పద, బూబూ దగ్గరికి. ఆమెకి చెప్పకుండా నాకు అన్నం దిగదు."

బూబూ అతని ఊరు అడిగింది, అమ్మ పేరు అడిగింది. ఈసారి అతను తడుముకోకుండా చెప్పాడు. తర్వాత లంబాసా సంగతీ చెప్పాడు. ముసలామె ఉడికిన కర్రపెండలం, కొబ్బరిపాల చేప వడ్డించి పళ్ళెం అతని ముందుకు తోసింది.

"తిను బాబూ," అంది. "నీ పనికి నువ్వెళ్ళు, దాని పని అది చేసుకుంటుంది. లంబాసా పడవలు పోని ఊరేం కాదుగా. సెలవులు రాగానే మీ పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని రా."