పదకొండు గంటల రీడింగు

రజియా బేగం రోజూ తెల్లవారి నమాజు అయ్యాక ఎడమచేతి ఉంగరం వేలికి సూది గుచ్చుకుంటుంది. కుడిచేతి వేళ్ల జోలికి మాత్రం పోదు. మార్కాపురం బజారులో ఇరవై రెండేళ్లుగా ఆడవాళ్లకు గాజులు తొడుగుతున్న వేళ్లవి. ఎంత లావు చేతికైనా ఒక్క గాజు చిట్లకుండా ఎక్కించే వేళ్లకు చిల్లులు పెట్టడం ఆమెకు ఇష్టం ఉండదు. షుగర్ వచ్చి నాలుగేళ్లయింది. నిజం చెప్పాలంటే షుగర్‌తో ఆమెకు పెద్ద పేచీ లేదు. ఆ షుగర్‌కు కాపలా కాసే కొడుకుతోనే పేచీ అంతా.

"ఎంత అమ్మీ?" అని ఆ రోజు కూడా నౌషాద్ పళ్లు తోముకుంటూనే అడిగాడు.

"నూట ముప్పై ఎనిమిది."

"నిజంగానా?"

"లేదురా, నీతో అబద్ధమాడి ఆస్తులు రాయించుకుందామని."

నౌషాద్ నవ్వలేదు. అతనికి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. లోకంలో ప్రతిదానికీ ఒక వైరో ఒక బటనో ఉంటుందని, అది దొరికితే చాలు అన్నీ దారికొస్తాయని అతని నమ్మకం. లోపలికెళ్లి ఒక పాత ట్యాబ్ తెచ్చి చాప మీద పెట్టాడు.

"మన షుగర్ మెషిన్‌లో బ్లూటూత్ ఉంది. నిన్ననే చూసినా. దీనికి కలిపితే రీడింగు దానంతట అదే వస్తాది. వచ్చే వారం ఒంగోలు డాక్టర్‌కు ఇదే చూపిస్తా. ఇంక నీ నోటిమాటతో పనిలేదు."

"అంటే నా నోటిమాట మీద నీకు నమ్మకం లేదన్నమాట."

"నమ్మకం గురించి కాదమ్మీ, టెక్నాలజీ."

పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు రాయి కోసి ఇంటిపట్టున ఉంటున్న తండ్రి కాలేషా, టీగ్లాసు చేత్తో పట్టుకుని వింత చూడ్డానికి దగ్గరికి జరిగాడు. వంటింట్లో దోసె తిప్పుతున్న కోడలు ఫర్జానా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. అది ఎవరూ గమనించలేదు, రజియా తప్ప.

నౌషాద్ మెషిన్ బటన్ నొక్కిపట్టాడు. నీలం దీపం మినుకుమంది. ట్యాబ్‌లో పేరు అడిగితే 'అమ్మీ' అని కొట్టాడు. మెషిన్ తెర మీద ఏదో నంబరు కనపడింది, దాన్ని ట్యాబ్‌లో వేశాడు. కలిసింది అన్నాడు. మరుక్షణం ట్యాబ్ నిండా అంకెలు దిగడం మొదలైంది. ఈ రోజుది, నిన్నటిది, మొన్నటిది, పోయిన నెలది. రజియా కళ్లప్పగించి చూసింది.

"ఇవన్నీ యాడివిరా?"

"మెషిన్ దాచిపెట్టుకుంటాది అమ్మీ. నాలుగొందల రీడింగులు గుర్తుంటాయి దానికి."

మెషిన్ ఆరిపోతే అంకె కూడా పోతుందనే ఇన్నాళ్లూ అనుకుంది రజియా. పలకల ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. తుడిచేస్తే పోవడమే ఆమెకు తెలిసిన లెక్క.

నౌషాద్ వేలితో అంకెలు పైకి జరుపుతూ పోయాడు. పొద్దున ఆరింటివన్నీ నూట ముప్పై, నూట నలభై. పచ్చరంగులో ఉన్నాయి. వాటి మధ్యమధ్య ఎర్రరంగువి. రెండొందల డెబ్బై ఆరు. రెండొందల డెబ్బై ఆరు. మూడొందల పన్నెండు. అన్నీ పగలు పదకొండు గంటలవే.

"అమ్మీ, ఏందివి?"

రజియా సూదుల డబ్బాకు మూత పెట్టింది.

"పదకొండింటికి నువ్వు దుకాణంలో ఉంటావు. అంటే మెషిన్ సంచిలో వేసుకపోతున్నావు. పక్కనే మిఠాయి కొట్టు. తినేది, భయమేసి గుచ్చుకునేది, మళ్ల పొద్దున నాకు మాత్రం నూట ముప్పై అని చెప్పేది! అంతేనా?"

"నేనేం తినలేదు."

"మరి ఈ రక్తం ఎవరిది? అబ్బాదా?"

కాలేషా ఉలిక్కిపడి రెండు చేతులూ చూపించాడు. "నాది కాదురా. నాకు సూదంటేనే చెమటలు. కావాలంటే వేళ్లు చూసుకో."

"చెప్పమ్మీ. ఎవరిది?"

"చెప్పను."

ఆ మాట ఆమె గట్టిగా ఏమీ అనలేదు. అయినా ఇల్లంతా వినపడింది. నౌషాద్ లేచి గోడకున్న మేకు నుంచి గాజుల దుకాణం తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఈ రోజు నుంచి దుకాణం బంద్. ఇంట్లో కూర్చో. నేను పెట్టిందే తిను."

"దుకాణం నాది."

"నీ మంచికే నేను చెప్పేది."

"తాళంచెవి ఉంచుకోరా, బాగుంది జేబులో. రెండోది నా కొంగుకు ఉంది," అని రజియా లేచి ముసుగు సర్దుకుంది.

"అయితే కొత్త తాళం కొనుక్కొచ్చి నేనే వేస్తా, చూడు!" అని అరిచి, ట్యాబ్ చంకలో పెట్టుకుని, దోసె కూడా తినకుండా బండెక్కి పోయాడు.

బండి చప్పుడు సందు దాటగానే ఫర్జానా వచ్చి అత్త కాళ్ల దగ్గర కూలబడింది. ఆ పదకొండు గంటల రక్తం ఆమెదే.

మూడు వారాల కింద ఒక రోజు పదకొండింటికి కుట్టుమిషన్ ముందు కళ్లు తిరిగి పడిపోయిందామె. రజియా తన మెషిన్‌తోనే చూసింది. మూడొందల పన్నెండు. సరుకు చూసొస్తామని చెప్పి లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. షుగరేనని తేల్చి డాక్టరమ్మ బిళ్లలు రాసింది, తిన్న రెండు గంటలకు చూసుకోమంది. తొమ్మిదింటికి తినే ఫర్జానా పదకొండింటికి కొత్త సూది పెట్టుకుని గుచ్చుకునేది. పెళ్లై మూడేళ్లు, ఇంకా పిల్లల్లేరు. ఇరవై ఆరేళ్లకే షుగర్ కూడా అంటే నలుగురూ ఏమంటారోనని వణికింది. నలుగురి కంటే ఎక్కువగా మొగుడికి భయపడింది. అతను చెడ్డవాడు కాదు, ఒక్క దెబ్బ వేసిన మనిషి కాదు. కానీ గిద్దలూరు పెళ్లిలో ఏం చేశాడో ఆమె కళ్లారా చూసింది. భోజనాలకు పరిచిన దస్తర్‌ఖాన్ ముందు అందరూ కూర్చుని ఉండగా తల్లి చేతిలోని డబుల్ కా మీఠా గిన్నె లాక్కుని, "మా అమ్మకు షుగర్, ఎవరూ పెట్టొద్దు" అని పందిరంతా వినపడేలా చెప్పాడు. ఆ పూట రజియా మరి అన్నం ముట్టలేదు.

"నేను చెప్పేస్తా అత్తమ్మా. నా కోసం నీకెందుకు ఈ మాటలు?"

"చెప్దువు. నీకు చెప్పాలనిపించిన రోజు చెప్దువు. వాడు గుంజితే కాదు."

"దుకాణం మూసేస్తాడంట!"

"నా దుకాణం మూసే మొనగాడు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు. నా కడుపున పుట్టినోడైతే అసలే కాదు. లే, బిళ్ల వేసుకున్నావా?" అని కోడలి చెంపలు తుడిచి, చెప్పులేసుకుని బయల్దేరింది.

పదిన్నరకు రాచర్ల నుంచి వచ్చిన రాఘవమ్మ గాజుల దుకాణం దగ్గర ఆటో దిగింది. వెంట ఏడో నెల కడుపుతో ఉన్న కూతురు పద్మావతి. శ్రీమంతం గాజులు రజియా చేత తొడిగించుకోవడం ఆ ఇంట్లో ఆనవాయితీ. రాఘవమ్మ తన చేతులకు వేయించుకుంది కూడా ఇక్కడే. పద్మావతి చెయ్యి బాగా వాచి ఉంది. రజియా ఆ చేతిని ఒడిలో పెట్టుకుని, బొటనవేలి మొదలు మెత్తగా నొక్కుతూ పచ్చగాజు ఎక్కిస్తుండగా దుకాణం ముందు నౌషాద్ బండి ఆగింది. ఒక చేతిలో ట్యాబ్, ఇంకో చేతిలో పిడికెడంత కొత్త తాళం.

"లే అమ్మీ. మూసేయాల."

"ఆగు. గాజు కణుపు మీద ఉంది. కదిలిస్తే చిట్లి ఈ పిల్ల చెయ్యి కోసుకుంటాది."

"నీ కాలు పోతే ఎవరు చూస్తారు?" నౌషాద్ గొంతు పెరిగింది. షట్టర్ కడ్డీ పట్టుకుని సగానికి లాగాడు. "చూడు రాఘవమ్మక్కా, మా అమ్మకు షుగర్ మూడొందలు. నాకు తెలియకుండా మిఠాయి తింటాది. ఇదిగో, ప్రూఫ్ ఉంది. మెషిన్ అబద్ధం చెప్పదు."

బజారులో పోయేవాళ్లు నిలబడ్డారు. రాఘవమ్మకు ఒళ్లు మండింది. "నీ ప్రూఫు నీ దగ్గర పెట్టుకో నాయనా. శ్రీమంతం గాజులు మొదలుపెట్టి మధ్యలో లేస్తారా ఎవరన్నా? తొమ్మిదే అయినాయి."

"మొత్తం ఇరవై ఒకటి," అంది రజియా, తలెత్తకుండా. "అయినాక మాట్లాడదాం. అప్పుడు కూడా లేవను, అది వేరే సంగతి."

"చెప్పమ్మీ, తిన్నావా లేదా? ఒక్కమాట చెప్తే ఈ తాళం పారేస్తా!"

ఒక్క మాటే. ఫర్జానా పేరు చెప్తే చాలు, ఇరవై రెండేళ్ల దుకాణం దక్కుతుంది. రజియా పదో గాజు చేతిలోకి తీసుకుంది.

"మూసుకుంటే మూసుకో. నేను లోపల కూర్చునే తొడుగుతా."

"ఆమె తినలేదు."

అందరూ వెనక్కి తిరిగారు. ఫర్జానా బురఖాలో నిలబడి ఉంది. గబగబా నడిచొచ్చిందేమో, ఊపిరి అందడం లేదు. చేతిలో షుగర్ మెషిన్ డబ్బా ఉంది.

"నువ్వెందుకొచ్చినావు? ఇంటికి పో," అన్నాడు నౌషాద్.

"పదకొండైంది. నా టైం."

ఆమె గాజుల పెట్టెల పక్కన డబ్బా తెరిచింది. రజియా "బేటీ, వద్దు" అంటూనే ఉంది. ఫర్జానా స్ట్రిప్ పెట్టింది, కొత్త సూది బిగించింది, అంతమంది చూస్తుండగా తన వేలికి గుచ్చుకుంది. రక్తపు చుక్క స్ట్రిప్‌కు అంటించి మొగుడి ముఖంలోకి చూసింది.

అయిదు లెక్కపెట్టేంతలో నౌషాద్ చేతిలో ట్యాబ్ టింగుమంది. అతను కిందికి చూశాడు. అమ్మీ, రెండొందల ముప్పై ఒకటి, పదకొండు గంటల నాలుగు నిమిషాలు. ఎర్రరంగు.

అతను ఆ అంకె చూశాడు, భార్య వేలు చూశాడు. మళ్లీ అంకె చూశాడు.

"ఇప్పుడు చెప్పండి, ఎవరు మిఠాయి తినింది?" అంది ఫర్జానా. "ఎరుపు చూసినారు, అంతే. వరస చూసినారా? మూడొందల పన్నెండు నుంచి రెండొందల ముప్పై ఒకటికి దించినా. మూడు వారాలు. అత్తమ్మ సాయంతో, మీకు తెలియకుండా."

"ఫర్జానా... నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తారో కనపడతానే ఉంది కదా. ఆ తాళం నా కుట్టుమిషన్‌కు పడేది. గిద్దలూరులో అత్తమ్మ గిన్నె లాక్కున్నట్లు నా గిన్నె లాక్కునేవారు. నాకు జబ్బొచ్చింది, నేను చూసుకుంటున్నా. నేనేం తప్పు చేయలేదు. దాచుకోవాల్సిన ఖర్మ నాకెందుకు పట్టించినారు?"

నౌషాద్ గాజుల దుకాణం చెక్క మీద చతికిలబడ్డాడు. ముప్పై ఏళ్ల మగవాడు, పదిమంది ముందు, ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు.

"భయం అమ్మీ," అన్నాడు. "షుగర్ ముదిరి దాదీ కాలు తీసేసిన రోజు ఆమెను ఎత్తుకుని ఆసుపత్రిలోకి మోసుకపోయింది నేనే కదా. పద్నాలుగేళ్లు నాకు. ఆ బరువు ఇంకా చేతుల మీద ఉన్నట్లే ఉంటాది. నిన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తాది."

రజియాకు కోపం ఇంకా తగ్గలేదు. అయినా కళ్లు తడిశాయి. పద్మావతి చెయ్యి వదలకుండానే రెండో చెయ్యి కొడుకు తల మీద వేసింది.

"భయమైతే భయమని చెప్పరా. నాలుగేళ్లలో ఒక్కసారన్నా చెప్పినావా? ఎంత, ఎంత అని అడిగినావే గాని, ఎట్లున్నావు అమ్మీ అని అడిగినావా? నాకు కొడుకు కావాల. జైలరు వద్దు."

కాసేపటికి నౌషాద్ ముఖం తుడుచుకున్నాడు. ట్యాబ్ తెరిచి, "ఇవన్నీ తీసేస్తా ఫర్జానా. ఎవరికీ కనపడవు" అన్నాడు.

"తీయొద్దు. దించుకున్నది నేను. ఎందుకు తీస్తారు? పేరు మార్చండి. పదకొండు గంటలవి నావి. నా పేరు వేయండి."

పేరు మార్చబోయి అతను రెండుసార్లు తప్పు కొట్టాడు. ఫర్జానా ట్యాబ్ అందుకుని, తన పేరు తనే కొట్టుకుని, దాన్ని సంచిలో వేసుకుంది.

"ఇది నా దగ్గరుంటాది. చూడాలనిపిస్తే అడగండి."

"చూపిస్తావా?"

"మంచిగా అడిగితే."

"డాక్టరమ్మ మళ్ల ఎప్పుడు రమ్మనింది?"

"శుక్రవారం."

"నేను రావచ్చా?"

మూడేళ్లలో అతను ఫర్జానాను 'రావచ్చా' అని అడగడం ఇదే మొదలు.

"రండి. కానీ డాక్టరమ్మతో మాట్లాడేది నేను. మీరు పక్కన కూర్చోండి."

"సరే."

"సరేనంటే సరిపోదు నాయనా," అంది రాఘవమ్మ. "లోపల చీకటిగా ఉంది. మా పిల్లకు ఇంకా పన్నెండు గాజులు పడాల."

నౌషాద్ లేచి, కొత్త తాళాన్ని జేబులో వేసుకుని, సగం దించిన షట్టర్‌ను రెండు చేతులతో పైకి ఎత్తాడు.