వరస పెట్టి కొట్టాలి

మదనపల్లెలో శంకరప్ప జిరాక్సు అంగడికి వచ్చిన మొదటి రోజే హేమావతి ఇద్దరు మగపిల్లల్ని మట్టి కరిపించింది. మూడోవాడు రెడ్డెప్ప. అతని జోలికి మాత్రం రాలేదు.

అది 2004. బెంగళూరు నుంచి వచ్చిన రాక్షసుల కార్డుల ఆట ఊళ్ళో డిగ్రీ పిల్లలకు పిచ్చిలా పట్టుకున్న కాలం. నలుగురు కూర్చుంటారు. చేతిలోని రాక్షసుల్ని ఎవరి మీదికైనా ఉసిగొల్పవచ్చు. ప్రాణాలు అయిపోయినవాడు లేచి వెళ్ళి అందరికీ టీలు తేవాలి. చివరికి మిగిలినవాడు గెలిచినట్టు.

నలుగురి ఆటలో ముందు చెయ్యెత్తినవాణ్ణి మిగతా ముగ్గురూ కలిసి కుమ్ముతారు. అందుకే అందరూ పిల్లుల్లా పొంచి కూర్చుంటారు. కుప్పం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఈ పిల్లకు అదేమీ పట్టదు. కార్డు చేతికొస్తే చాలు, కొట్టడమే.

అయితే శంకరప్ప అంగడిలో కొట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఒకసారి కిరణ్ కుమార్, చైతన్య ఆట మధ్యలో కాలర్లు పట్టుకుని జిరాక్సు మిషను మీద పడ్డారు. ఆ రోజే శంకరప్ప శాసనం చేశాడు.

"పేరు పెట్టి కొడితే దెబ్బ సెల్లదు. అప్పా, అమ్మా అన్నా సెల్లదు, అది దావన పోయేవాళ్ళనీ అంటాము. వరస పెట్టి పిలిసి కొట్టాల. అప్పుడు పగలుండవు."

కాబట్టి హేమావతి మర్యాదగానే చంపింది.

"అన్నా, కొడతాండా!" కిరణ్ కుమార్ గోవిందా.

"తమ్ముడూ, నిన్నూ కొడతాండా!" చైతన్య టీలకు పోయాడు.

ఇక రెడ్డెప్ప. రాతి రాక్షసులతో కోట కట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆమె అతని వైపు చూసింది. బయట వాన వైపు చూసింది. కార్డులు కింద పెట్టేసింది.

"హాస్టలు గేటేస్తారు. నువ్వే గెలిసినావులే" అని గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

మరుసటి సాయంత్రమూ అంతే. ఆ తర్వాతా అంతే. రెడ్డెప్ప రోజూ గెలుస్తున్నాడు, రోజూ కుమిలిపోతున్నాడు. ఆమె మీద మనసు పడ్డాడు పాపం. ఊరందర్నీ కొట్టే పిల్ల తనను కొట్టకపోతే ఏ ప్రేమికుడు తట్టుకుంటాడు? చివరికి సిగ్గు విడిచి కోట మొత్తం తీసేసి, బోసిగా కూర్చుని అడిగాడు.

"నన్నొక దెబ్బ కొట్టు."

"యాల?"

"వాళ్ళను కొడతాండావు గదా!"

"నాకు బుద్ధి పుట్టలా. నువ్వే నన్ను కొట్టొచ్చు గదా?"

రెడ్డెప్ప రాక్షసుణ్ణి ఎత్తాడు. నోరు తెరిచాడు. "సె..." అని ఆగిపోయాడు. ఆ పిలుపు గొంతులో పల్లేరుకాయలా అడ్డం పడింది. ఛస్తే చెల్లీ అనలేడు.

"నాది కొట్టే ఆట కాదు" అని గొణిగాడు. తన నోటికున్న కష్టమే అవతలి నోటికీ ఉండొచ్చని ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

ఇంతలో శంకరప్ప పోటీ పెట్టాడు. సెమీ ఫైనలు పుంగనూరులో, అక్కడ ప్రతి ఆటలో చివర మిగిలిన ఇద్దరికీ కుప్పంలో ఫైనలు. గెలిచినవాళ్ళు బెంగళూరు పెద్ద పోటీకి.

పుంగనూరులో ఆట రెడ్డెప్ప అమ్మమ్మ నాగమ్మ ఇంటి వసారాలో. చైతన్యకు జ్వరం వచ్చి మనిషి తగ్గితే, గొర్రెల్ని దొడ్లోకి తోలి వచ్చిన నాగమ్మే చేతులు కడుక్కుని కూర్చుంది.

"ఇది పొట్టేలా?" అంది కొమ్ముల కార్డు చూసి.

"అవ్వా, కొడతాండా!" అంది హేమావతి.

నాగమ్మ సంతోషంగా చచ్చిపోయింది. తర్వాత మనవణ్ణి పెరట్లోకి లాక్కెళ్ళింది.

"ఒరే, ముసిలిదాన్ని గూడా ఇడిసిపెట్టలా. నిన్ను ఇడిసిపెట్టింది. నీకేమన్నా అర్థమైతాండాదా?"

"నన్ను మనిషిగా లెక్కబెట్టదవ్వా."

నాగమ్మ నుదురు కొట్టుకుని లోపలికి పోయి, హేమావతిని "మీ యమ్మది యావూరు తల్లీ?" అని ఆరా తీసింది.

కుప్పంలో స్టేషను పక్కన కల్యాణ మంటపం. మిగతావాళ్ళంతా పోయి, అనుకున్నట్టే ఆ ఇద్దరే మిగిలారు. రెడ్డెప్ప కోట కూలిపోయింది, ప్రాణం కొసన ఉన్నాడు. హేమావతి చేతిలో అగ్ని రాక్షసి. ఆమె లేవబోతుంటే శంకరప్ప వేలు చూపించాడు.

"ఈడ హాస్టలు గేట్లు లేవు తల్లీ. లేసిపోతే ఇద్దరూ ఓడినట్టే."

"అన్నా అని ఒక మాట అను, అయిపోతాది!" అన్నాడు కిరణ్ కుమార్.

"నువ్వు నోరు మూసుకోన్నా!"

అప్పుడే బెంగళూరు రైలు దడదడమంటూ పోయింది. అది పోయేదాకా ఆమె కార్డు పట్టుకునే ఉంది. చెంపలు ఎర్రబడ్డాయి, కళ్ళలో నీళ్ళు.

"బావా! కొడతాండా!"

హాల్లో తలలన్నీ రెడ్డెప్ప వైపు తిరిగాయి.

"సెల్లదు! ఆ వరస యాడిది?" కిరణ్ కుమార్ గంతేశాడు.

వెనక వరసలోంచి నాగమ్మ లేచింది. "యాల సెల్లదు? వాళ్ళమ్మది కురబలకోట, నా పుట్టినూరే. నాకు తమ్ముని కూతురి వరస. అంటే నా కూతురికి వదిన. వదిన కూతురు నా మనవడికి మరదలు గాక ఇంకేమైతాది? నేను కావాలనే కనుక్కున్యా."

శంకరప్ప కళ్ళజోడు తుడుచుకుని తీర్పు చెప్పాడు. "పిలిసినాక పలకాల. అప్పుడే వరస సెల్లుతాది. రెడ్డెప్పా, పలికితే ఓడిపోతావు. బెంగళూరు పోటీ చేజారినట్టే. పలకతావా?"

రెడ్డెప్ప బుర్రలో ఇన్నాళ్ళ సాయంత్రాలన్నీ, ఆ దిక్కుమాలిన గెలుపులన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఎంత మొద్దు తను!

"ఏం మరదలా," అన్నాడు, "ఇన్నాళ్ళా కొట్టేదానికి?"

రాక్షసి దిగింది. రెడ్డెప్ప హాయిగా చచ్చాడు.

ఓడినవాడు టీలు తేవాలి. ఫ్లాస్కు పట్టుకుని మెట్లు దిగుతుంటే వెనకనుంచి గాజుల చప్పుడు వినిపించింది.

"గెలిసినోళ్ళు టీలకు రాగూడదు" అన్నాడు.

"మరదలు రావొచ్చు. అవును గానీ, నువ్వు యాల నన్ను ఒక్క దెబ్బా కొట్టలా?"

రెడ్డెప్ప తలొంచుకుని ఫ్లాస్కు మూత తిప్పాడు. "సెల్లీ అనాల గదా."

హేమావతి మెట్ల మీదే కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. పైన మంటపంలో జనం టీల కోసం అరుస్తున్నారు. ఆ టీలు చాలాసేపటి దాకా రాలేదు.