కొడుకు పేరుతో అమ్మ రాసిన దరఖాస్తు

పదకొండయినా కోల్బీ లేవలేదు. వాళ్లమ్మ మార్లిస్ వాడి గది ఉన్న బేస్‌మెంట్ మెట్లు దిగుతుంటేనే గుప్పున కంపు కొట్టింది. మంచం పక్కన మూడు గిన్నెలు, వాటి అడుగున ఎండి అట్టకట్టిన పాలు, ఒకదానిలో విడిచిన సాక్సు. పందొమ్మిదేళ్ల కొడుకును చూసి కన్నతల్లి అసహ్యపడటం పాపమేమో గానీ, ఆమె ముక్కు మూసుకునే దగ్గరికి వెళ్లింది. హైస్కూలు అయిపోయి ఎనిమిది నెలలు. తమ ఊరు డులూత్‌లో మోకాలి లోతు మంచు పడినా, వాకిలి తీయడానికి పార పట్టిన పాపాన పోలేదు.

“ఏరా, లే. కాలేజీవాళ్లు వెల్డింగ్ కోర్సులో సీటిచ్చారు. వస్తావో రావో ఇవాళే చెప్పాలట.”

దుప్పటి కదిలింది. “నేనెప్పుడు అడిగాను?”

“నేనే పంపానులే దరఖాస్తు. నువ్వు కదిలితేగా.”

“నా పేరుతోనా? ఏం రాశావు?”

ఆమె ఫోన్ ఇచ్చింది. వాడు పడుకునే పైకి చదివాడు. “‘మా తాతయ్య ఓడలకు వెల్డింగ్ చేస్తుంటే నిప్పురవ్వలు చూశాను. అప్పటి నుంచీ నాకదే కల.’ తాతయ్య పోస్టాఫీసులో కదా పనిచేసింది?”

“అందరూ అలాగే రాస్తార్లే.”

“భలే బుద్ధిమంతుడమ్మా ఈ దరఖాస్తులో వాడు. వీణ్నే పంపించు. నా సైన్సు ప్రాజెక్టు నువ్వే చేశావు. పిజ్జా కొట్లో పని మానేస్తే నా బదులు నువ్వే ఫోన్ చేసి సారీ చెప్పావు. నేను లేకపోయినా నా బతుకు బాగానే నడుస్తోంది.”

మార్లిస్‌కు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇంతసేపూ వాడి మీదున్న రోత గిర్రున తన మీదికే తిరిగింది. ఛీ, బిడ్డ నోట్లో తన మాటలు కుక్కి, అది చదువుకుని మురిసిపోయింది కూడా.

మంచం అంచున కూర్చుని వాడి ఎదుటే కాలేజీకి ఫోన్ చేసింది. “ఆ దరఖాస్తు మా అబ్బాయి రాయలేదండీ. నేను రాశాను. రద్దు చేసెయ్యండి.”

కోల్బీ లేచి కూర్చున్నాడు. మొహం పాలిపోయింది. “సీటు పోయిందా?”

“పోయింది.”

“మరిప్పుడు నేనేం చెయ్యాలి?”

నాలుక మీదికి నాలుగు సలహాలు తోసుకొచ్చాయి. ఆమె పళ్లు బిగించి మింగేసింది. “నాకు తెలీదురా.”

వాడు దుప్పటి పక్కకు నెట్టాడు. “నాకూ తెలీదమ్మా. ఏదీ ఇష్టం లేదు. ఇంకెప్పటికీ ఇంతేనేమోనని భయంగా ఉంది.”

ఎనిమిది నెలల్లో వాడు తన గురించి చెప్పిన మొదటి నిజం అది. వాడి కళ్లలో నీళ్లు చూసి మార్లిస్ ఏడ్చేసింది. ఏడుస్తూనే, వాడి కళ్లు తుడవబోయిన చేతిని వెనక్కి తీసుకుంది. వాడే తుడుచుకుని, పక్కకు జరిగి ఆమె భుజానికి తల ఆనించాడు.